నూట పన్నెండో సీసా

పూండి స్టేషన్ నుంచి సముద్రం వైపు పోయే దారిలో ఉన్న ఒక ఊళ్ళో, మే నెలలో, కిడ్నీ పరీక్షల క్యాంపు పెట్టారు. ఆ ఉదయం నూట పన్నెండు సీసాల మూత్రం పోగైంది. అందులో నూట పదకొండు సీసాలు మూత్రం గానూ, ఒక సీసా కొబ్బరి నీళ్ళు గానూ తేలాయి. అయితే ఆ సంగతి తేలడానికి మూడు వారాలు పట్టింది. ఈలోగా ఆ కొబ్బరి నీళ్ళకు షుగర్ జబ్బు ఉన్నట్టు రిజిస్టర్లో రాసుకున్నారు, చీటీ కూడా ఇచ్చారు. చీటీల కోసం చుట్టూ నిలబడ్డవాళ్ళు పరగడుపున మెంతుల నీళ్ళు తాగమని సలహా చెప్పారు.

చీటీ మీద పేరు బైరాగి. వయసు నలభై ఆరు. పని కొబ్బరి దింపు. పద్నాలుగో ఏట చెట్టెక్కినవాడు ఇంకా కిందికి దిగలేదని ఊళ్ళో అంటారు. కాళ్ళకు బంధం తగిలించుకుని, నడుముకు కత్తి దోపుకుని పూటకు పాతిక చెట్లు ఎక్కి దిగుతాడు. సాయంత్రానికి ఒళ్ళు హూనమైతే మందుల షాపులో రెండు నొప్పి బిళ్ళలు కొని మింగేసి, మర్నాడు మళ్ళీ ఎక్కుతాడు. తిత్లీ తుఫానులో తోటలన్నీ నేలకొరిగినప్పుడు, నష్టం రాసుకోవడానికి వచ్చిన వాళ్ళకు ఏ చెట్టు ఎవరిదో, బతికున్నప్పుడు ఏ పక్కకు వాలి ఉండేదో గడగడా చెప్పుకుంటూ పోయాడు. చెట్టు మీద ఉన్నంతసేపూ అతనికి భయమంటే ఏమిటో తెలియదు. అతని భయమంతా కింద, ఇసకలో ఉంది.

శివరాత్రి వెళ్ళినప్పటి నుంచి అతను ఒక సంగతి గమనిస్తున్నాడు. పొద్దున్నే ఇంటి వెనక జీడితోటలోకి వెళ్ళి కూచుంటే, ఇసకలోకి ఇంకిపోవాల్సింది ఇంకడం లేదు. బట్టల సబ్బు నురగలాగా పైన తేలి, బుడగలు బుడగలుగా నిలబడి, అతని వంకే చూస్తోంది. అలా నురగ వస్తే కిడ్నీ చెడుతోందని ఆ ఊళ్ళో బడిపిల్లలకు కూడా తెలుసు. తండ్రి కాళ్ళకు నీరు పట్టి పోయేనాటికి ఆ జబ్బుకు పేరు కూడా తెలియదు. అన్న పాపారావు దగ్గరికి వచ్చేసరికి పేరు తెలిసింది, అంకె కూడా తెలిసింది. వారానికి రెండుసార్లు పలాస వెళ్ళి డయాలిసిస్ చేయించుకుని వస్తున్నాడు. ఆ ఊళ్ళో మనిషికి మనిషి ఎదురైతే "బాగున్నావా" తర్వాత అడిగే రెండో మాట "కిరేటిన్ ఎంత?" కిడ్నీ చెడేకొద్దీ రక్తంలో పెరిగే క్రియాటినిన్ అంకె అది. బైరాగి ఆ రెండో మాట రాకముందే ఏదో పని గుర్తొచ్చినట్టు పక్క సందులోకి తిరిగిపోయేవాడు. నురగ మీద కాలితో ఇసక కప్పి, అటూ ఇటూ చూసి, బీడీ ముట్టించుకుని ఏమీ ఎరగనట్టు ఇంటికి వచ్చేవాడు.

క్యాంపుకు ముందురోజు సాయంత్రం ఆశా కార్యకర్త ఇంటింటికీ సీసాలు పంచింది. తెల్ల మూత, పైన అతికించిన ప్లాస్టరు మీద పేరు. పొద్దున లేవగానే వచ్చే మొదటిది పట్టి తేవాలంది. బైరాగి భార్య చిన్నతల్లి ఆ సీసాని తెల్లారేసరికి మొగుడి టీ గ్లాసు పక్కనే పెట్టింది.

"మావా, మర్సిపోయినాననీ, పడిపోనాదనీ సెప్పీవంటే ఊరుకోను. నానే వొచ్చి పట్టించుకుపోతాను."

"నాకేటైనాదే? రాయిలాగున్నాను."

"రాయివైతే మరింకా మంచిది. పట్రా."

ఒక చేతిలో సీసా, ఒక చేతిలో టీ గ్లాసు పట్టుకుని బైరాగి తోటలోకి వెళ్ళాడు. జీడిచెట్టు మొదట్లో కూచుని ఆ సీసా వంక చాలాసేపు చూశాడు. అందులో పడేది తన మీద సాక్ష్యం చెబుతుంది. అన్న సీసా కూడా నాలుగేళ్ళ కింద ఇలాగే ఇంట్లోంచి బయల్దేరింది. మళ్ళీ ఆ ఇంట్లో ఎవరూ నిశ్చింతగా నిద్రపోలేదు. బైరాగి లేచి, జీడిచెట్టు చాటున తన పని కానిచ్చి, ఇసక కప్పాడు. తర్వాత చేతికందే పొట్టి చెట్టు నుంచి లేత బొండాం ఒకటి కోసి, సీసా నింపాడు. మరీ తేటగా ఉందనిపించి, పాలు లేని నల్ల టీ రెండు చుక్కలు వేసి, ఊపి, ఎండకెత్తి చూసుకున్నాడు. రంగు బాగా కుదిరింది. నిజం చెప్పాలంటే, అసలుదానికంటే ఇదే అసలుదానిలా ఉంది.

క్యాంపులో పరీక్ష చేస్తున్న పిల్ల పేరు యామిని. టెక్కలి అమ్మాయి, పలాస ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. ఒక్కో సీసాలో రంగు గళ్ళున్న పేపరు పుల్ల ముంచి తీయడం, డబ్బా మీది రంగులతో పోల్చి చూడడం, రాసుకోవడం. నూట పదకొండు సీసాలు అయ్యేసరికి ఆమె కళ్ళు రంగులతో నిండిపోయాయి. నూట పన్నెండో పుల్ల తీసి చూసింది. మూత్రంలోకి ఆల్బుమిన్ అనే ప్రోటీను జారిపోతుంటే ఆకుపచ్చగా మారే గడి, కదలకుండా మెదలకుండా పసుపుగానే ఉంది. షుగరు గడి మాత్రం ఒక్కసారిగా నల్లబడిపోయింది.

"బాబాయ్, ఆల్బుమిన్ నిల్. కిడ్నీకేం భయం లేదు. షుగరే ఉంది నీకు, నాలుగు ప్లస్సులు! వారంలోగా పలాస రా, రక్తం తీసి చూడాలి."

తన చీటీ కోసం నిలబడ్డ రత్నాలమ్మ వెనక నుంచి తల సాచింది. "ఏటీ, సుగరేనా? ఒట్టి సుగరేనా? అదురుష్టమంటే నీదిరా అయ్యా!"

ఇంకో ఊళ్ళో అయితే షుగరొచ్చిందని ఓదారుస్తారు. ఇక్కడ మధ్యాహ్నానికల్లా బైరాగి ఇంటికి మనుషులు పిల్ల పెళ్ళి కుదిరిన ఇంటికి వచ్చినట్టు వచ్చారు. చిన్నతల్లి గుమ్మంలో నిలబడి, వచ్చినవాళ్ళకల్లా చీటీ చూపించింది. ఆమెకు చదువు రాదు. అయినా 'నిల్' అన్న మాట ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలదు.

ఇక ఇంట్లో కొత్త చట్టం వచ్చింది. చక్కెర డబ్బా అటకెక్కింది. పొద్దున మెంతుల నీళ్ళు, మధ్యాహ్నం కాకరకాయ, సాయంత్రం ఉప్పేసిన సోడంబలి, అదే రాగి జావ. పనసకాయలు పండి ఊరంతా తియ్యటి వాసన కొడుతున్న రోజుల్లో, పక్కింటి నుంచి తొనలు వస్తే చిన్నతల్లి గుమ్మంలోనే ఆపేసింది. నాలుగోరోజు, దింపు దిగిన బైరాగి దాహంగా ఉండి బొండాం కొట్టబోతుంటే, ఎవరో అప్పటికే పోయి చెప్పినట్టున్నారు, చిన్నతల్లి తోటలోకి పరుగున వచ్చి చేతిలోంచి లాక్కుంది.

"బొండాం నీళ్ళలో తీపుంటాదని తెల్దా? అందులో ఎంత సుగరుంటాదో ఆ లేబ్ పాపనడుగు!"

ఆమె ఆ మాట మామూలుగానే అన్నదని, తన గుట్టు తెలిసి కాదని తెలుసుకోవడానికి బైరాగికి ఆ పూటంతా పట్టింది.

నాలుకకు చేదు అలవాటయింది కానీ, లోపలిది అలవాటు కాలేదు. నురగ తగ్గలేదు. పైగా రోజూ పొద్దున దాన్ని చూడ్డానికి ముందు కళ్ళు మూసుకుని, తర్వాత ఒక్క కన్ను తెరిచేవాడు. మధ్యాహ్నం చెట్టెక్కి, పైన మట్టల మధ్య కూచుని, పాదాలు నొక్కి చూసుకునేవాడు. వేలు పెట్టిన చోట గుంట పడుతుందా? పడ్డ గుంట ఎంతసేపట్లో పూడుతోంది? నిన్నటికంటే ఆలస్యంగా పూడిందా? కింద నుంచి "ఒరే, నిద్దరోయినావేటి!" అని కేకేస్తే గెల నరికేవాడు. పలాస వెళ్ళాల్సిన వారం దాటిపోయింది. రెండో వారం కూడా దాటింది. బొండాం నీళ్ళతో ఇంకోసారి వెళ్తే మళ్ళీ షుగరే. ఉత్త నీళ్ళలో టీ కలిపితేనో? అనుకున్నాడు. కానీ రక్తం తీస్తామన్నారు. రక్తాన్ని ఏ చెట్టు ఇస్తుంది?

మూడో వారం పాపారావు వచ్చాడు. ఊరి ఆ చివరి నుంచి ఈ చివరికి నడవడానికి అతనికి మూడుచోట్ల కూచోవాల్సి వచ్చింది. అరుగు మీద చతికిలబడి, తమ్ముణ్ణి పక్కన కూచోబెట్టుకుని, సూదులు గుచ్చి గుచ్చి నరాలు తాళ్ళలా ఉబ్బిన చెయ్యి అతని భుజం మీద వేశాడు.

చిన్నతల్లి మంచినీళ్ళు తేబోయి ఆగిపోయింది. రోజుకు ఇంతే తాగాలన్న నీళ్ళు పాపారావు సీసాలో కొలిచి వెంట తెచ్చుకుంటాడు. బొండాలైతే అసలు ముట్టకూడదు; అందులో ఉండే ఉప్పేదో గుండెను ఆపేస్తుందని డాక్టర్లు చెప్పారు. కొబ్బరితోటలో పుట్టినవాడు కొబ్బరి నీళ్ళ వంక చూడకూడదు.

"సుగరంట కదరా నీకు," అన్నాడు పాపారావు, మొహమంతా నవ్వుతో.

"ఊఁ."

"నాలుగేళ్ళ నుంచీ నాకొకటే దిగులు. ఆ మిసను కాడ తొంగున్నప్పుడల్లా పక్క మంచం వొంక సూత్తాను. ఎప్పుడో ఒకనాడు దాని మీద నువ్వుంటావని. నా తరవాత నువ్వేనని." పాపారావు తువాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. "ఇంక ఆ మంచం వొంక సూడక్కర్నేదు. శుక్రోరం ఎల్లినప్పుడు నర్సమ్మకి సెప్తాను, మా తమ్ముడికి ఒట్టి సుగరేనని."

బైరాగికి నోరంతా చేదైంది. కాకరకాయ అనుకుందామంటే ఆ పూట ఇంకా అన్నం తినలేదు.

"శుక్రోరం నానూ నీతో వొత్తానన్నా," అన్నాడు.

శుక్రవారం ఇద్దరూ ఆటోలో పలాస వెళ్ళారు. పాపారావుని లోపల పడుకోబెట్టి యంత్రానికి కలిపారు. నాలుగు గంటల పని. బైరాగి అద్దం తలుపులోంచి చూశాడు. అన్న రక్తం ఎర్రటి గొట్టంలో బయటికి వచ్చి, తిరిగి తిరిగి, మళ్ళీ లోపలికి పోతోంది. పక్క మంచం ఆ పూట ఖాళీగా ఉంది. దుప్పటి మడత పెట్టి ఉంది. బైరాగి అక్కడ ఇంక నిలబడలేక ల్యాబ్ కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

యామిని గుర్తుపట్టింది. "షుగర్ బాబాయ్! వారంలో రమ్మంటే ఇప్పుడా రావడం?"

"పాపా, ముందొక సీసా ఇయ్యి."

సీసా పట్టుకుని బాత్రూంలోకి వెళ్ళాడు. వద్దనుకున్నన్నాళ్ళూ ధారగా వచ్చింది, ఇవ్వాలనుకున్న రోజు చుక్క రాలేదు. కుళాయి తిప్పి ఆ శబ్దం విన్నాడు. బయటికొచ్చి రెండు గ్లాసుల నీళ్ళు తాగి మళ్ళీ వెళ్ళాడు. బయట ఎవరో తలుపు కొట్టి, "లోపలున్నాయన బతికున్నాడా?" అని అడిగారు. చివరికి వచ్చింది. సీసాలో సగం అది, సగం నురగ. ఆ నురగ తగ్గాక ఇద్దామని గోడవైపు తిరిగి నిలబడ్డాడు. నురగ తగ్గలేదు.

కిటికీలోంచి సీసా ఇస్తూ, చెయ్యి వెనక్కి తీసుకోకుండా అన్నాడు, "పాపా, ఆ క్యాంపులో ఇచ్చిన సీసా ఉంది సూడు, అది నాది కాదు."

యామిని కలం ఆగింది. "మరెవరిది?"

"సెట్టుది."

"ఏ చెట్టుది?"

"కొబ్బరి సెట్టుది. బొండాం."

యామినికి అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. అర్థమయ్యాక మొహం ఎర్రబడింది. "నూట పన్నెండు సీసాలు, బాబాయ్! నడుం పడిపోయేలా కూచుని చూశాను. నీకు షుగరుందని మా డాక్టరు గారి దాకా చెప్పాను. కొబ్బరికాయకి డయాబెటిస్ అని రాశానా నేను? మరి ఆ రంగు?"

"టీ సుక్కలు. రెండే."

ఆమె తల పట్టుకుంది. నవ్వు వస్తోందో కోపం వస్తోందో ఆమెకే తెలిసినట్టు లేదు. రిజిస్టరు తీసి, పాత పేజీలో ఆ వరస మీద గీత కొట్టి, పక్కన 'నమూనా సరైనది కాదు' అని రాసింది. పుల్ల ముంచి చూసింది. తర్వాత గాజు గొట్టంలో కొంచెం పోసి, స్పిరిట్ దీపం వెలిగించింది.

"మళ్ళీ ఏటిది?" అన్నాడు బైరాగి.

"కాచి చూస్తా. ఈసారి ఏ చెట్టుదో వాసన చూడాలి కదా."

గొట్టాన్ని ఏటవాలుగా పట్టుకుని పైభాగాన్ని మంట మీద ఆడించింది. కొబ్బరి వాసన రాలేదు. కానీ మంట తగిలిన చోట, తేటగా ఉన్నది తేటగా ఉండడం మానేసింది. కోడిగుడ్డు తెల్లసొన వేడికి గడ్డకట్టినట్టు, పైన తెల్లటి మబ్బు కమ్ముకుంది. యామిని యాసిడ్ చుక్కలు రెండు మూడు వేసింది. మబ్బు పోతుందేమోనని ఆమె చూసింది, బైరాగి అంతకంటే ఎక్కువగా చూశాడు. మబ్బు పోలేదు; అంటే అది ప్రోటీనే.

యామిని గొంతులో హుషారు తగ్గింది. "చెయ్యి చాపు బాబాయ్. రక్తం తీస్తాను. రెండింటికి వస్తుంది రిజల్టు."

పదకొండున్నర నుంచి రెండు దాకా బైరాగి డయాలిసిస్ గది బయట, అన్న చెప్పుల పక్కన కూచున్నాడు. మోచేతి మడతలో దూది పెట్టారు. ఆ చెయ్యి చాపాలని కూడా మరిచిపోయి మడిచే కూచున్నాడు. గోడ గడియారం వంక చూడకూడదని నేల పలకలు చూశాడు. తన తర్వాత ఎవరు? అన్నకు తను తోడు వస్తున్నాడు; తనకు ఎవరొస్తారు? చిన్నతల్లికి పలాసలో ఆటో ఎక్కడ ఎక్కాలో తెలియదు. మొదట అది నేర్పాలి. చెట్టు ఎక్కనివ్వకపోతే కింద ఏం పని చేస్తాడు? కింద చేసే పని అతనికి ఒక్కటీ రాదు.

ఒంటిగంటన్నరకు పాపారావుని బయటికి తీసుకొచ్చారు. తూలుతూ వచ్చి కూచున్నవాడు, తమ్ముడి చేతి వంక చూశాడు.

"ఏట్రా ఆ దూది?"

బైరాగి చెప్పాడు. నురగ దగ్గర మొదలుపెట్టి, ఇసక, సీసా, చెట్టు, టీ, తెల్ల మబ్బు, అంతా తలెత్తకుండా చెప్పాడు. చెప్పడం అయిపోయాక అన్న తిడతాడని ఎదురుచూశాడు. పాపారావు తన చెప్పులు తొడుక్కోబోయి, మళ్ళీ వదిలేశాడు.

"ఎన్ని సుక్కలేసినావు టీ?"

"రెండు."

"నానైతే ఒకటేసీవాణ్ణి," అన్నాడు పాపారావు. నవ్వబోయి, సూదులు తీసిన చోట కట్టు పట్టుకుని, ఆ నవ్వు మధ్యలో ఏడ్చాడు. తర్వాత తమ్ముడి భుజం ఆసరా చేసుకుని లేచాడు. "నడు. ఆ కాయితం నానూ సూత్తాను. నువ్వొక్కడివీ సూడకు."

కాగితం మీద క్రియాటినిన్ ఒకటిన్నర ఉంది. ఆల్బుమిన్ దగ్గర రెండు ప్లస్సులు. షుగర్ దగ్గర 'నిల్'. కళ్ళజోడు పెట్టుకున్న డాక్టరు కాగితాన్ని, ఆ తర్వాత ఇద్దరన్నదమ్ముల్నీ చూశాడు.

"మొదలైంది," అన్నాడు. "కానీ మొదట్లోనే ఉంది. మీ అన్న మొదటిసారి వచ్చినప్పుడు ఎనిమిది దాటేసింది. నొప్పి బిళ్ళలు ఈ రోజు నుంచి బంద్, ఒక్కటి కూడా వద్దు. ఉప్పు తగ్గించు, ఎండన పనిలో నీళ్ళు మానకు, ఈ మాత్రలు వాడు. నెల నెలా పరీక్షకి రావాలి."

"ఎన్నేళ్ళుంటాను బాబూ?"

"అది చెప్పే మిషను లేదయ్యా. చూసుకుంటూ ఉండాలి."

"సెట్టెక్కొచ్చా?"

"ఎక్కు. బిళ్ళ వేసుకోకుండా ఎన్ని ఎక్కగలవో అన్నే ఎక్కు."

ఇంటికి వచ్చాక చిన్నతల్లికి చెప్పడం ఆసుపత్రి కంటే కష్టమైంది. ఆమె గుమ్మంలో కూచుని అంతా వింది. తర్వాత లేచి, నానబెట్టిన మెంతులు పెరట్లోకి విసిరి పారేసింది.

"నాకు తెల్దనుకున్నావేటి? తోటలో పిల్లి కప్పినట్టు నువ్వు ఇసక కప్పుతుంటే నాను సూళ్ళేదేటి? మూడు నెలల్నుంచి సూత్తన్నాను. అడిగితే నిజమైపోద్దేమోనని అడగనేదు. ఆ సుగరు కాయితం వొచ్చినప్పుడు నానే తప్పు సూసినాననుకుని, గంగమ్మకి కోడి మొక్కీసినాను. ఇప్పుడా కోడినేటి సెయ్యాల?"

ఆమె కొంగు మొహం మీద కప్పుకుని మళ్ళీ గుమ్మంలో కూచుంది. చీకటి పడే వేళకు అటక మీది చక్కెర డబ్బా దించి, టీ కాచి, అతని ముందు పెట్టింది. మూడు వారాల తర్వాత తాగిన ఆ టీ తియ్యగా ఉందో లేదో బైరాగికి తెలియలేదు. రేపు పొద్దున తోటలోకి వెళ్ళాలి. కానీ ఇసక కప్పక్కర్లేదు.

జూన్‌లో అంకె అలాగే ఉంది. జులైలో కాస్త పెరిగితే ఆ నెలంతా ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడుకోలేదు. ఆగస్టులో మళ్ళీ తగ్గింది. బైరాగి పూటకు పది చెట్లే ఎక్కుతున్నాడు. రాత్రిళ్ళు ఒళ్ళు నొప్పులకు బిళ్ళలు లేవు. చిన్నతల్లి కొబ్బరి నూనె కాచి రాస్తుంది, తిట్టుకుంటూ. నెలకొక శుక్రవారం అన్నతో పాటు పలాస వెళ్ళి, అతన్ని లోపల పడుకోబెట్టి, ఇంటి నుంచి తెచ్చిన సీసాని ల్యాబ్ కిటికీలో పెడతాడు. మూత దాకా నింపి, తువాలులో చుట్టి తెస్తాడేమో, దారంతా కారి, యామిని బల్ల మీదికి వచ్చేసరికి అదొక మడుగు.

సెప్టెంబరులో యామినికి విసుగొచ్చింది. సీసాని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని, "ఏంటి బాబాయ్ ఇది! సగం సీసా చాలని నీకెన్నిసార్లు చెప్పాలి? నెల నెలా నా రిజిస్టరంతా తడిపేస్తున్నావు!" అంది.

"తక్కువైతే మళ్ళీ సెట్టునడగాల్సొత్తాదమ్మా," అన్నాడు బైరాగి.